మీ లిస్టు సగానికి కొట్టేయండి, మూడో రోజు అమ్మాయికిచ్చేయండి

ప్రశ్న: మాది అనంతపురం. పాపకు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. వచ్చే ఏడాది పది కాబట్టి ఇక కదలడం కుదరదు. అందుకే ఈలోగా ముంబై చూపించాలనుకున్నాను. మా ఆయన అంగడి వదిలి రాలేరు. నేనూ పాపా ఇద్దరమే పోవాలి. మూడు రోజులకని ఇరవై రెండు చోట్ల పేర్లు రాసి చూపిస్తే, "ఇట్లయితే నేను రాను" అని మొహం తిప్పుకుంది. దానికి షాపింగూ, ఫొటోలూ, సినిమావాళ్ల ఇళ్లూ కావాలి. నాకు గుళ్లూ, ఎలిఫెంటా గుహలూ చూడాలని ఉంది. ముంబై దర్శన్ బస్సెక్కితే ఒక్క రోజులో అన్నీ అయిపోతాయని పక్కింటివాళ్లు అంటున్నారు. సంక్రాంతి సెలవుల్లో పోవాలా, వేసవిలోనా? ఎక్కడ దిగాలి? లోకల్ రైళ్లంటే భయంగా ఉంది. నా హిందీ అంతంతమాత్రం.
- ఒక తల్లి, అనంతపురం

సమాధానం: తల్లీకూతుళ్లిద్దరే ముంబై పోయి రావచ్చు. అక్కడ రాత్రి పదింటికి కూడా ఆడవాళ్లు ఒంటరిగా రైలెక్కి ఇళ్లకు పోతుంటారు, ఎవరూ వింతగా చూడరు. మీ ఇబ్బంది అంతా ఆ ఇరవై రెండు పేర్ల లిస్టుతోనే. ముంబై పొడుగ్గా, సన్నగా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఊరు. మ్యాపులో పక్కపక్కనే కనిపించే రెండు చోట్ల మధ్య ట్రాఫిక్‌లో గంట పడుతుంది. ఇరవై రెండు చోట్లంటే మూడు రోజుల్లో సగం రోడ్డు మీదే పోతుంది. పాప మొహం తిప్పుకోవడంలో న్యాయముంది.

దర్శన్ బస్సు గురించి ముందే చెప్పేస్తాం, వద్దు. ఆ బస్సు చాలా చోట్ల పది, ఇరవై నిమిషాలే ఆగుతుంది, కొన్నిటిని కిటికీలోంచే చూపిస్తుంది. కాళ్లు నొప్పులున్న పెద్దవాళ్లకు అది మేలే. పద్నాలుగేళ్ల పిల్లకు మాత్రం ఒక చోట కుదురుగా కూర్చునే తీరిక, తనకు నచ్చిందాన్ని రెండోసారి చూసే వీలు కావాలి. అవి ఆ బస్సులో దొరకవు.

సంక్రాంతి సెలవులే మేలు. జనవరిలో ముంబై ఎండ సౌమ్యంగా ఉంటుంది, ఉక్కపోత తక్కువ. వేసవిలో ఉష్ణోగ్రత అంకె చూసి "మన అనంతపురంకన్నా తక్కువే కదా" అనుకుంటే పొరపాటు. మనది పొడి ఎండ, చెమట ఇట్టే ఆరిపోతుంది. అక్కడ సముద్రపు గాలిలో తేమకు చెమట ఆరదు, పది నిమిషాల నడకకే నీరసం వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఎలిఫెంటా పడవలు సరిగా నడవవు. పండగ మూడు రోజులూ ఇంట్లో ఉండాలంటే సెలవుల మొదటి రోజులో చివరి రోజులో వాడుకోండి.

అనంతపురం మీదుగా బెంగళూరు నుంచి ముంబై సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) పోయే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ మీకు సరిపోతుంది. మన స్టేషన్‌లో అర్ధరాత్రి అటూ ఇటూగా ఎక్కితే మర్నాడు సాయంత్రానికి చేరుస్తుంది. ఇక్కడే చాలామంది తేదీ తప్పుతారు. టైంటేబుల్లో మన స్టేషన్ సమయం రాత్రి 12 దాటాక ఉంటే టికెట్ మీద మర్నాటి తేదీ ఉండాలి. ఆదివారం రాత్రి భోంచేసి స్టేషన్‌కు పోయే వాళ్ల టికెట్ సోమవారం తేదీతో ఉండాలన్నమాట. ఆదివారం తేదీతో తీసుకుంటే ఆ రైలు ముందటి రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకు తెరుచుకుంటుంది. ఆ అరవై రోజులూ రైలు బెంగళూరులో బయల్దేరే తేదీ నుంచి లెక్క. జనవరి 10 రాత్రి అక్కడ బయల్దేరి 11వ తేదీ మన ఊరికొచ్చే రైలుకు నవంబరు 11నే టికెట్లు ఇస్తారు. పన్నెండో తేదీ దాకా ఆగితే ఒక రోజు వెనకబడినట్టే. ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కు ఆధార్ ధ్రువీకరణ ముందే చేయించి పెట్టుకోండి. అది లేని అకౌంట్లకు రిజర్వేషన్ తెరిచిన మొదటి రోజు టికెట్లు రావు. పన్నెండేళ్లు దాటింది కాబట్టి పాపకు ఫుల్ టికెట్టే. ప్రయాణం చేసేది ఆడవాళ్లిద్దరే గనుక స్లీపర్ తీసుకుంటే లేడీస్ కోటా కూడా చూడండి. కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు పోయే రైలు దొరికినా రావచ్చు కానీ, అది సీఎస్‌ఎంటీకి చాలా దూరం. సామానుతో ఇంకో ప్రయాణం తప్పదు.

దారిలో తినడానికి ఉల్లిపాయ వెయ్యని పులిహోర మర్నాటి మధ్యాహ్నం దాకా ఆగుతుంది. నిమ్మకాయ చిత్రాన్నం అంతసేపు ఆగదు. ఎండు జొన్న రొట్టెలు, పప్పుల పొడి, నాలుగు ఓళిగలు ఉంటే ఇక ప్యాంట్రీ వైపు చూడక్కర్లేదు. ఆ పొడి డబ్బా ముంబైలోనూ పనికొస్తుంది, అక్కడి సాంబారు మన నోటికి తియ్యగా తగులుతుంది.

ఎక్కడ దిగాలన్న ప్రశ్నకు మా జవాబు ఫోర్ట్, అంటే సీఎస్‌ఎంటీ స్టేషన్ నుంచి నడిచి పోగలిగిన చోటు. గది ధర అంధేరీ, థానేలకన్నా ఎక్కువ ఉండొచ్చు, గది చిన్నదే వస్తుంది. అయినా అదే తీసుకోండి. ముంబైలో ఆఫీసులు చాలావరకు దక్షిణాన, ఇళ్లు ఉత్తరాన. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా జనమంతా దక్షిణానికి దిగుతారు, సాయంత్రం అయిదున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా ఉత్తరానికి తిరిగి పోతారు. మీరు దక్షిణాన దిగితే పొద్దున ఉత్తరానికీ సాయంత్రం దక్షిణానికీ పోతారు, అంటే ఎప్పుడూ జనానికి ఎదురు దిక్కే. అదే రైలు, అదే సమయం, మీకు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మీ భయంలో సగం ఇక్కడే తీరిపోతుంది. ఉత్తరాన చౌక గది తీసుకున్నవాళ్లు రోజుకు రెండు పూటలా ఆ తొక్కిసలాటలో పడతారు.

గది బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. కిటికీ ఉందా, లిఫ్టు ఉందా, బాత్రూం గదిలోనే ఉందా, చెక్ఇన్ మధ్యాహ్నం పన్నెండుకా లేక 24 గంటల లెక్కా. అక్కడివి పాత కట్టడాలు. నాలుగో అంతస్తులో గది, సన్నటి చెక్క మెట్లు, కిటికీ లేని గోడలు మామూలే, ఫొటోలో అవేవీ కనపడవు. ఇద్దరి ఆధార్ కార్డులూ అసలువే తీసుకెళ్లండి.

వీలైతే సోమవారం సాయంత్రం ముంబైలో దిగి, శుక్రవారం పొద్దున తిరుగు రైలెక్కేలా చూసుకోండి. ఎలిఫెంటా సోమవారం మూత. సిద్ధివినాయకుడి గుడిలో మంగళవారం జనం ఇసకేస్తే రాలరు. బైకుల్లా జంతుప్రదర్శనశాలకు బుధవారం సెలవు. మంగళవారం ఎలిఫెంటా, బుధవారం గుడీ బాంద్రా, గురువారం పాప ఇష్టం అనుకుంటే ఏ తలుపూ మూసి కనపడదు. వారం మారినా ఈ మూడు సంగతులూ గుర్తుపెట్టుకుని రోజులు అటూ ఇటూ జరపండి.

సాయంత్రం రైలు దిగి గదిలో సామాను పడేశాక, స్టేషన్ ఎదుటి రోడ్డు దాటి, మున్సిపల్ కార్పొరేషన్ భవనం వైపు నిలబడి వెనక్కి చూడండి. ఆ స్టేషన్ 1888లో పూర్తయిన కట్టడం, 2004 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. రాత్రి దీపాల్లో చూడాలి. పాపకు మొదటి ఫొటో అక్కడ దొరుకుతుంది. ఆ పూటకు అంతే, తిని పడుకోండి.

మంగళవారం పొద్దున ఏడున్నరకల్లా గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గరుండండి. పది దాటితే ఫొటోలో గేట్‌వేకన్నా మనుషులే ఎక్కువ పడతారు. కెమెరాలతో తిరిగేవాళ్లు "ఒక్క ఫొటో" అని పది తీసి పదింటికీ డబ్బడుగుతారు. కావాలనుకుంటే ఎన్ని ప్రింట్లు, ఎంత అన్నది క్లిక్కుమనకముందే తేల్చుకోండి. ఐదో జార్జి రాజు 1911లో దిగిన గుర్తుగా కట్టడం మొదలుపెట్టి 1924లో పూర్తి చేశారు. 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిష్ దండు ఇదే గుమ్మంలోంచి ఓడెక్కి పోయింది. తొమ్మిదో తరగతి పిల్లకు ఈ రెండో ముక్క చెప్పండి చాలు.

ఎలిఫెంటా పడవలు అక్కడి నుంచే, తొమ్మిది గంటల ప్రాంతంలో మొదలవుతాయి. టికెట్ కౌంటర్లోనే తీసుకోండి, మధ్యలో చెయ్యి పట్టుకుని లాగేవాళ్ల దగ్గర వద్దు. గంట ప్రయాణం. ఎక్కగానే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, పాప "అందరూ చూస్తారు" అన్నా వినకండి. 2024 డిసెంబరు 18న ఈ దారిలోనే నేవీ స్పీడ్‌బోటు ప్రయాణికుల పడవను ఢీకొని మనుషులు పోయారు. పడవ దిగాక రేవు గట్టు మీద చిన్న రైలుంటుంది, నడిచినా పోవచ్చు. ఆపైన దాదాపు 120 మెట్లు, రెండు వైపులా దుకాణాలు. ఎక్కేటప్పుడు ఏమీ కొనకండి, దిగేటప్పుడు అవే వస్తువులు తక్కువకు వస్తాయి. చేతిలో నీళ్ల సీసా, చిప్స్ పొట్లం కనిపిస్తే కోతులు గుంజుకుంటాయి, అన్నీ సంచిలో పెట్టి జిప్పు వేయండి. పురావస్తు శాఖ టికెట్ పెద్దవాళ్లకు రూ. 40. పదిహేనేళ్లలోపు పిల్లలకు ఉచితం, పాప ఆధార్ చూపించండి.

మొదటి గుహలోకి అడుగుపెట్టగానే చీకటి. వెంటనే ఫోన్ తీయొద్దని పాపకు చెప్పండి. రెండు నిమిషాలు ఊరికే నిలబడితే కళ్లు అలవాటు పడి, ఎదుటి గోడలోంచి మూడు ముఖాల శివుడు మెల్లగా తేలతాడు. ఇరవై అడుగుల ఎత్తు. కుడివైపు ముఖం మెత్తగా, ఆడపోలికతో, చేతిలో తామర మొగ్గతో ఉంటుంది. ఎడమవైపుది మీసంతో, కనుబొమలు ముడిచి, కోపంగా ఉంటుంది. మధ్య ముఖానికి కళ్లు మూసి ఉంటాయి. పిల్లలు లేపాక్షి చూసే ఉంటారు కదా, అక్కడి అసంపూర్తి కల్యాణ మండపం స్తంభాల మీద ఉన్న శివపార్వతుల పెళ్లే ఇక్కడా ఒక గోడ మీద ఉంది. అది ఎక్కడుందో వెతకమనండి. లేపాక్షి పదహారో శతాబ్దిది, ఇది దానికన్నా సుమారు వెయ్యేళ్లు పాతది. పెళ్లికూతురి తలవంపు రెండు చోట్లా ఎలా చెక్కారో పోల్చుకుంటే అరగంట తెలియకుండా పోతుంది. బొమ్మల చేతులూ కాళ్లూ విరిగి ఉండటం చూసి ఎందుకని అడుగుతుంది. పోర్చుగీసువాళ్ల కాలంలో చాలా దెబ్బతిన్నాయని చెప్పండి. రేవు దగ్గర ఉన్న రాతి ఏనుగును చూసి ఎలిఫెంటా అని పేరు పెట్టిందీ వాళ్లే, స్థానికులు ఘారాపురి అంటారు. ఆ ఏనుగు ఇప్పుడు బైకుల్లా తోటలో ఉంది.

రెండు గంటలకల్లా తిరిగొచ్చేస్తారు. భోంచేసి గదికి పోయి నాలుగున్నర దాకా పడుకోండి. ఇది సోమరితనం కాదు, ఈ ప్రయాణంలో తీసేయకూడని భాగమే ఇది. తల్లీకూతుళ్ల తగాదాలు ఎక్కువగా నాలుగు గంటల ప్రాంతంలో, ఇద్దరికీ ఆకలేసి కాళ్లు లాగుతున్నప్పుడు పుడతాయి. కాబట్టి సంచిలో అరటిపండో వేరుశనగ ఉండో ఎప్పుడూ ఉండాలి.

సాయంత్రం కొలాబా కాజ్‌వే. గేట్‌వేకి అయిదు నిమిషాల నడక, పాప కోరిన షాపింగ్ ఇదే. ఇంటి దగ్గరే తనకంటూ ఒక మొత్తం, పదిహేను వందలో రెండు వేలో, చేతికిచ్చేయండి. ఏం కొన్నా మాట్లాడనని చెప్పి, నిజంగా మాట్లాడకండి. చెప్పిన ధరలో మూడో వంతు నుంచి బేరం మొదలుపెట్టి సగం దగ్గర ఆగమనండి. వెనక్కి రెండడుగులు వేస్తే పిలుస్తారు. మీరు పక్కనుండి "ఇది మన ఊళ్లో..." అని మొదలుపెడితే ఆట చెడుతుంది.

బుధవారం సిద్ధివినాయకుడు. సీఎస్‌ఎంటీ దగ్గర భూగర్భ మెట్రో ఎక్కితే నేరుగా సిద్ధివినాయక్ స్టేషన్. 2025 అక్టోబరు నుంచి ఈ మూడో లైను కఫ్ పరేడ్ దాకా పూర్తిగా నడుస్తోంది. కిందికి దిగాక ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు, టికెట్ సంగతి పైనే తేల్చుకోండి. గుడిలో 2025 జనవరి నుంచి బట్టల నియమం ఉంది. చినిగినట్టుండే జీన్సు, పొట్టి స్కర్టు వేసుకుంటే లోపలికి పంపరు. ఈ ముక్క పాపకు ముంబైలో కాదు, అనంతపురంలో పెట్టె సర్దేటప్పుడే చెప్పండి. గుమ్మం దగ్గర చెబితే రోజంతా పాడవుతుంది. మిగతా రోజుల్లో మాత్రం తన బట్టలు తన ఇష్టానికి వదిలేయండి, ఆ ఊళ్లో జీన్సును ఎవరూ పట్టించుకోరు.

దర్శనం అయ్యాక టాక్సీ మాట్లాడుకుని "సీ లింక్ సే" అని చెప్పి బాంద్రా పోండి. 5.6 కిలోమీటర్ల వంతెన, సముద్రం మీద. దాని మీదికి ఆటోలను, బైకులను రానివ్వరు. టోలు మీరే కట్టాలి, మీటరు మీద ఎక్కువ అడిగాడని పోట్లాడకండి. ఇంకొకటి గుర్తుంచుకోండి, బాంద్రాకు దక్షిణాన ముంబైలో ఆటోలే ఉండవు. ఫోర్ట్‌లో ఆటో కోసం నిలబడితే సాయంత్రమవుతుంది, అక్కడ నలుపు పసుపు టాక్సీలే. టాక్సీ మీటరు రూ. 31తో, బాంద్రా నుంచి దొరికే ఆటోలు రూ. 26తో మొదలవుతాయి (2025 ఫిబ్రవరి నుంచి ఈ ధరలు). మీటరు వేయనంటే దిగి ఇంకోటి చూసుకోండి, దొరుకుతుంది.

బాంద్రాలో బ్యాండ్‌స్టాండ్ రోడ్డు. సినిమా హీరోల ఇళ్ల గేట్ల ముందు జనం ఫొటోలు దిగుతుంటారు. మీకు అది అర్థంలేని పనిలా అనిపించొచ్చు, పాపకు కాదు. ఇరవై నిమిషాలివ్వండి. ఆ రోడ్డు చివరనే పాత కోట, అక్కడి నుంచి మీరు దాటి వచ్చిన వంతెన మొత్తం కనపడుతుంది. ఆటోలో లింకింగ్ రోడ్డు పోయి చెప్పులో బ్యాగో చూసుకుని, నాలుగున్నరకల్లా బాంద్రా స్టేషన్ చేరండి. చర్చ్‌గేట్ లోకల్ ఎక్కండి, చివరి స్టేషన్ అదే కాబట్టి ఎక్కడ దిగాలన్న బెంగ లేదు. అక్కడి నుంచి అయిదు నిమిషాలు నడిస్తే మెరైన్ డ్రైవ్. జనవరిలో ఆరుంపావు దాటాక పొద్దు గుంకుతుంది. ఆ గట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి, ఆ గంటలో మాత్రం చదువు మాట ఎత్తకండి.

ఇక లోకల్ రైలు. టికెట్ స్టేషన్ లోపలికి అడుగుపెట్టకముందే తీసుకోండి, కౌంటర్లోనైనా రైల్‌వన్ యాప్‌లోనైనా. దగ్గరి దూరాలకు అయిదు, పది రూపాయలే. ఒక రోజు, మూడు రోజులు, అయిదు రోజుల టూరిస్టు టికెట్లు కూడా ఇస్తారు. వాటివల్ల డబ్బు మిగలకపోవచ్చు, క్యూలో నిలబడే పని తప్పుతుంది. బోర్డు మీద మూడు సంగతులు చూడాలి. ఎక్కడికి పోతుంది, స్లోనా ఫాస్టా, 12 డబ్బాలా 15 డబ్బాలా. స్లో అన్ని స్టేషన్లలో ఆగుతుంది, ఫాస్టు కొన్నిట్లోనే. మీకు స్లోనే మంచిది. ఆడమనిషి బొమ్మ ఉన్నది లేడీస్ పెట్టె, రైలుకు మధ్యలోనూ చివర్లలోనూ ఉంటాయి. ప్లాట్‌ఫాం మీద ఆడవాళ్లు గుంపుగా నిలబడ్డ చోట మీరూ నిలబడితే సరిగ్గా అక్కడే ఆగుతుంది. పెట్టె మీద ఏటవాలు చారలుంటే అది ఫస్ట్ క్లాసు. సెకండ్ క్లాసు టికెట్‌తో అందులో ఎక్కితే కనీసం రూ. 250 జరిమానా, తెలియదంటే ఊరుకోరు.

రైలు ఆగేది అర నిమిషం లోపే. మీ స్టేషన్ వచ్చాక లేచి పోదామనుకుంటే దిగలేరు. ముందటి స్టేషన్ దాటగానే తలుపు దగ్గరికి జరగాలి. మీ ముందున్నావిడను "దాదర్ ఉతర్నా హై క్యా?" అని అడగండి, ఆమె అవునంటే వెనకే ఉండండి, కాదంటే ఆమే పక్కకు జరిగి దారిస్తుంది. ఆ ఊరి పద్ధతి అది. "పుఢీల్ స్టేషన్" అని మైకులో వినపడితే రాబోయే స్టేషన్ పేరు చెబుతున్నట్టు. సాయంత్రం పూట చర్చ్‌గేట్‌లోనో దాదర్‌లోనో దూరాన ఉన్న విరార్‌కు పోయే ఫాస్టు రైలెక్కి మధ్యలో దిగుదామనుకోకండి, దూరం పోయేవాళ్లు తలుపు దాకా రానివ్వరు. సంచి వీపుకు కాదు, ముందుకు వేసుకోండి. తలుపు దగ్గర వేలాడుతూ రీలు తీయడం ఎట్టి పరిస్థితుల్లోనూ లేదు, ఈ ఒక్క విషయంలో పాపతో బేరం వద్దు.

విడిపోతే ఏం చేయాలన్నది ఇంట్లోనే అనుకోండి. ఒకరు ఎక్కి ఒకరు ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి, దిగిన చోటే కదలకుండా నిలబడాలి. ఉండిపోయినవాళ్లు వెనక వచ్చే స్లో రైల్లో అదే పెట్టె ఎక్కి అక్కడికి రావాలి. ఎక్కినవాళ్లు తిరిగి వెనక్కి వస్తే ఇద్దరూ ఎదురెదురు రైళ్లలో దాటిపోతారు, అక్కడే గందరగోళం మొదలయ్యేది. మీ నంబరూ, హోటలు పేరూ కాగితం మీద రాసి పాప జేబులో పెట్టండి, ఫోన్ చార్జి అయిపోయినా అది ఉంటుంది. ముంబై పోలీసుల మహిళల హెల్ప్‌లైన్ 103, రైల్లో 139, ఎక్కడైనా 112. ఇంకొక మాట. గుంపులో ఎవరైనా చెయ్యి వేసినా, అదోలా చూసినా పాప చెప్పగానే మీరు కదిలేలా ఒక మాట పెట్టుకోండి, "అమ్మా, దాహం" లాంటిది. ఆ మాట వినగానే "ఎందుకు, ఏమైంది" అనకుండా అక్కడి నుంచి కదలండి. అడగడం తర్వాత.

నెలసరి తేదీ టికెట్లు తీసేటప్పుడే లెక్క చూసుకోండి. తప్పకపోతే ఎలిఫెంటాను వేరే రోజుకు మార్చండి, గంట పడవలో బాత్రూం కోసం ఇబ్బంది పడాల్సి వస్తుంది. తేదీ కాకపోయినా ప్యాడ్లు సంచిలో ఉండాలి, ప్రయాణంలో ముందూ వెనకా అవుతుంటుంది. మ్యూజియంలోనో పెద్ద హోటల్లోనో శుభ్రమైన బాత్రూం కనిపిస్తే అవసరం లేకపోయినా వాడుకుని కదలండి.

గురువారం మొత్తం పాపది. ఎక్కడికి పోవాలి, ఎలా పోవాలి, ఎంతవుతుంది అన్నీ తనే ఇంటి దగ్గర రాసుకోవాలి, ఆ రోజు మీరు వెంట నడిచే మనిషి మాత్రమే. వెతుక్కోవడానికి నాలుగు పేర్లు చెప్పండి. బైకుల్లాలో పెంగ్విన్లు. వర్లీలో నెహ్రూ సైన్స్ సెంటర్, దగ్గర్లోనే మెట్రో. గేట్‌వే దగ్గర ఛత్రపతి శివాజీ మహారాజ్ మ్యూజియం, పదింబావు నుంచి ఆరింటి దాకా. దాని పక్కనే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, టికెట్ లేదు. రెండు చోట్లకు మించి పెట్టుకోకూడదన్నది ఒక్కటే షరతు. తప్పు రైలెక్కించినా ప్రమాదం లేనంత దాకా ఊరుకోండి, తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రావడం తనకే తెలుస్తుంది.

ఆ పొద్దున టిఫిన్‌కు మాటుంగా పోతే బావుంటుంది, ఇది మా సలహా మాత్రమే. సీఎస్‌ఎంటీ నుంచి స్లో రైల్లో. దోసె, ఇడ్లీ మన నోటికి దగ్గరగా ఉండే పాత దక్షిణాది హోటళ్లు ఆ స్టేషన్ చుట్టూ ఉన్నాయి. ఆ స్టేషన్‌ను 2017 నుంచి మొత్తం ఆడవాళ్లే నడుపుతున్నారు. టికెట్లిచ్చేది, మైకులో చెప్పేది, తనిఖీ చేసేది అందరూ. పాపను అయిదు నిమిషాలు అక్కడ నిలబెట్టి చూడనివ్వండి. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం పదకొండు దాటనివ్వండి, అంతదాకా దక్షిణానికి వచ్చే రైళ్లు కిక్కిరిసి ఉంటాయి.

మీ ఇరవై రెండు పేర్లలో మిగిలినవాటి గురించి బాధపడకండి. మహాలక్ష్మి గుడి కావాలనుకుంటే బుధవారం బాంద్రాను కుదించుకుని చూడొచ్చు. హాజీ అలీ దర్గాకు పోటు సమయాలు చూసుకుని పోవాలి, సముద్రం పొంగితే దారి మునుగుతుంది. కన్హేరీ గుహలు బోరివలిలో, దానికి విడిగా ఒక రోజు కావాలి, ఈసారికి వదిలేయండి.

తిరుగు ఉద్యాన్ పొద్దున ఎనిమిది గంటల ప్రాంతంలో సీఎస్‌ఎంటీలో కదులుతుంది. అది అందరూ దక్షిణానికి తోసుకొచ్చే వేళ. మీరు మాత్రం గదిలోంచి పెట్టె లాక్కుంటూ నడిచే పోతారు. హోటల్ లెక్క ముందు రాత్రే తీర్చేయండి, పొద్దున కౌంటర్లో మనిషి ఉండడు. అనంతపురం చేరేది తెల్లవారకముందే, గుంతకల్లు రాగానే లేచి సామాను సర్దుకోండి. నిద్రపోతే ధర్మవరం దాకా పోతారు. అంగడాయనను స్టేషన్‌కు రమ్మని గుంతకల్లు నుంచే ఫోన్ చేయండి.